మూడు గీతల బొట్టు

కామారెడ్డిలో తమ్ముడి బ్యాటరీల దుకాణం మెట్ల మీద నిలబడి కళ్యాణి అన్న మాటలు ఆ బజారులో ఇంకా చల్లారలేదు. "సొంత అక్కకు చచ్చిన సెల్లులు అంటగట్టినవ్ గదరా!" అని గిరాకీల ముందు, మరదలు హారిక ముందు అరిచి, వానలో తడుస్తూనే ఎల్లారెడ్డి బస్సు ఎక్కింది. అరవక ఏం చేస్తుంది? నాటుకోడి గుడ్లు పొదిగే మిషన్ కరెంటు పోయినా ఆగకూడదని, తమ్ముడు ప్రేమ్‌కుమార్ తన చేతులతో సెల్లులు కూర్చి కట్టిచ్చిన సోలార్ బ్యాటరీ అది. మొదట్లో రాత్రంతా లాగేది. ఎండాకాలం నుంచి గంట తిరక్కుండానే పడిపోతోంది. పోయిన విడత గుడ్లలో పిల్లలు రూపం కట్టుకున్నాక, వేడి తగ్గి, పెంకులు పగలగొట్టుకోలేక లోపలే పోయాయి.

భర్త శైలేందర్ ఆమెను ఒక్క మాట అనలేదు. అన్నం ముందు కూర్చుని మెత్తగా చెప్పాడు. "ఈసారి గూడ గిట్లనే అయితే మిషన్ అమ్మేద్దాం కళ్యాణీ. నువ్వు గిట్ల కష్టపడుడు నేను చూడలేకపోతున్న."

ఇప్పుడు మిషన్‌లో ఉన్న గుడ్లలో ఎల్లుండికి పిల్లలు లేవాలి. ఇవి నిలిస్తే ఆమె పని నిలుస్తుంది. లేకుంటే లేదు.

ఆ ఆదివారం పొద్దున ముసురులో గేటు చప్పుడైతే తొంగి చూసింది. రెయిన్ కోటులోంచి నీళ్లు కారుతూ ప్రేమ్‌కుమార్ నిలబడి ఉన్నాడు. చేతిలో పనిముట్ల సంచి.

కళ్యాణి ఎదురుపోయి సంచి అందుకోబోయింది.

"నేను తెచ్చుకుంట తియ్యి," అన్నాడు.

"లోపలికి రా తమ్మీ. చాయ్ పెడత."

"ముందు పని చూడనీ అక్కా."

కోపం పోలేదు, పోదు, ఎట్లా పోతుంది అనుకుంది కళ్యాణి. ఆమె ముఖం చూడకుండానే అతను వెనక గదిలోకి నడిచాడు. ఒకప్పుడు బర్రెలను కట్టేసిన కొట్టం అది. ఇప్పుడు సున్నం వేసి, ఒక పక్క బీరువా అంత పొదుగు మిషన్, గోడకు ఇన్వర్టరు, దాని కింద ఇనుప పెట్టెలో బ్యాటరీ. మిషన్ లోపల ఫ్యాను సన్నగా తిరుగుతోంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపే ఆమెకు నిద్ర.

ప్రేమ్‌కుమార్ ఇన్వర్టరు మీటలు ఒత్తుతూ పోయి ఒకచోట ఆగాడు. "ఇది ఎవరు మార్చిండ్రు? టుబులార్ అని పెట్టి ఉన్నది."

"మీ బావనే. ఆగిపోతున్నదని ఫోన్‌ల ఏదో వీడియో చూసి ఒత్తిండు."

"బావకు బల్బు మార్చుడు రాదు. బ్యాటరీకి డాక్టరయ్యిండా?"

కళ్యాణికి నవ్వొచ్చింది. ఇన్ని రోజుల తర్వాత తమ్ముడి నోట ఒక పరాచికం.

"ఇది ఆసిడ్ పోసే పాత బ్యాటరీల సెట్టింగు అక్కా. వాటికి ఎక్కువ ఒత్తిడి పెట్టి నింపాలె. లిథియమ్‌కు గట్ల పనికిరాదు. ఎనిమిది సెల్లులు కలిపి ఇరవై ఎనిమిది వోల్టుల కాడ ఆపాలె. పైకి తోస్తే ఏదో ఒక సెల్లు ముందుగాల నిండి పొంగుతది. అప్పుడు లోపల కాపలా ఉన్న బోర్డు చార్జింగే బంద్ పెడతది. మిగిలినయి సగం సగమే నిండుతయి." మీటలు ఒత్తి అంకెలు మార్చాడు. "అంతే. సెల్లుల తప్పేం లేదు. సెట్టింగే."

అంతేనా? ఇంత చిన్న సంగతికా? కళ్యాణి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఇంట్లో మనిషే మీట నొక్కి చెడగొడితే, పోయి పోయి తమ్ముణ్ణి బజారున పెట్టింది. వాడు పదో తరగతి తప్పితే అందరూ వదిలేసిన రోజున తన పెళ్లి గొలుసు అడ్డం పెట్టి పని నేర్పించింది తనే. ఆ దుకాణానికి కొబ్బరికాయ కొట్టింది తనే. అదే దుకాణం మెట్ల మీద అంత మాట అన్నదీ తనే.

"తమ్మీ, నలుగుట్ల నిన్ను అనరాని మాటలన్న. తప్పయింది. నీ కాళ్లు మొక్కుమన్నా మొక్కుత."

"అక్కా, గట్లనకు!" ప్రేమ్‌కుమార్ ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. "వద్దు. నువ్వు నన్నేమీ అనలే. ఊకో ఇగ."

ఆమె కళ్లు తుడుచుకుని వంటింట్లోకి పోయింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, వెల్లుల్లి కారం కలిపి గిన్నెకు ఒత్తి, వాడికి చిన్నప్పటి నుంచి ఇష్టమైన సర్వపిండి చేసి తెచ్చింది. వాడు ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకుని, మిగతాది పళ్లెంలోనే ఉంచాడు. నమలడం కూడా కష్టంగా ఉన్నట్టుంది. ఎంత నొచ్చుకున్నాడో అనుకుని ఆమె ఇంకో ముక్క కొసరి పెట్టింది.

"పొయ్యొస్త అక్కా. వాన పెరుగుతున్నది."

"ఆగు. ఒకసారి కరెంటు తీసి చూద్దాం. నా మనసు కుదురుకుంటది."

"ఇప్పుడే గదా సెట్టింగు మార్చింది. వారం పోనీ. సెల్లులు సదురుకుంటయి."

కానీ ఆమె అప్పటికే మెయిన్ స్విచ్ దింపేసింది. ఇన్వర్టరు టక్కున అందుకుంది. మిషన్ ఫ్యాను ఆగలేదు. కళ్యాణి తన ఫోన్ తీసి చూసింది. ఏ సెల్లులో ఎంత ఉందో విడివిడిగా చూపిస్తుంది అందులో. దాన్ని ఫోన్‌లో ఎక్కించి చదవడం నేర్పింది కూడా ప్రేమే. ఎనిమిది అంకెలు. ఆరు కదలకుండా ఒక్క తీరుగా ఉన్నాయి. మూడోది, ఆరోది దిగుతున్నాయి. చూస్తుండగానే దిగుతున్నాయి.

ఆమె మళ్లీ స్విచ్ వేసింది. కరెంటు ఎక్కడం మొదలైంది. కాసేపటికి అవే రెండు, మూడోది, ఆరోది, మిగతా వాటిని దాటి పైకి పోయాయి.

"ప్రేమ్."

"ఊఁ."

"ఈ బ్యాటరీ కట్టిన నాడు నువ్వు నాకు ఎట్ల చెప్పినవో యాదికున్నదా? వంటింట్ల ఎనిమిది చెంబులు వరుసగ పెట్టి అన్నింట్ల ఒకటే గిలాసతోని నీళ్లు పోసినవ్. ఒక చెంబుల ముందే నీళ్లుంటే అది ముందుగాల పొంగుతది, కానీ తోడేటప్పుడు అది ఆఖరికి ఎండుతది, గట్లుంటే సరిచేసుకోవచ్చు అన్నవ్."

"అన్న."

"మరి ముందుగాల పొంగి, ముందుగాలనే ఎండేది?"

ప్రేమ్‌కుమార్ సంచి జిప్పు లాగుతున్నాడు. అది పట్టుకుపోయింది. మళ్లీ లాగాడు.

"చెప్పు. అప్పుడేమన్నవ్?"

"చెంబే చిన్నది అన్న," అన్నాడు గొంతులోనే.

"మరి నాకు కట్టినప్పుడు ఎనిమిదీ ఒక్క తీరు చెంబులే గదా. నా ముందటనే ఒక్కొక్కటి కొలిచినవ్. రెండు చెంబులు ఎప్పుడు చిన్నగైనయ్?"

"ఒక్కోసారి గట్లయితది అక్కా. కంపెనీల నుంచే తేడా వస్తది."

"పెట్టె తెరువు. చూద్దాం."

"ఏముంటది చూసుడు? గుడ్లున్నయి మిషన్ల. ఇప్పుడు గెలుకుడెందుకు? ఎల్లుండి పిల్లలు లేచినంక నేనే వచ్చి..."

వాడి తొందర ఆమెకు నచ్చలేదు. అనుమానం అని కూడా కాదు. వంటింట్లో పాలు పొంగబోయే ముందు తెలిసినట్టు ఏదో తెలిసింది. వాడి సంచిలోంచి స్క్రూడ్రైవర్ తనే లాగింది. బ్యాటరీ స్విచ్ దించింది. కరెంటు ఉంది గనక మిషన్ దానంతటది నడుస్తోంది. మోకాళ్ల మీద కూర్చుని మరలు ఒక్కొక్కటే తిప్పింది. ప్రేమ్‌కుమార్ వద్దనలేదు, సాయమూ చేయలేదు.

మూత ఎత్తింది.

నీలం తొడుగుల్లో ఎనిమిది సెల్లులు, ఇటుకలు నిలబెట్టినట్టు. ఒక్కొక్క దాని పక్కన బొట్టు. దసరా నాడు ఇంట్లో కత్తిపీట నుంచి స్కూటీ దాకా అన్నింటికీ బొట్లు పెడుతూ, బ్యాటరీని మాత్రం ఎందుకు విడిచిపెట్టాలని మూత తీయించి తనే పెట్టింది. పెళ్లయి ఈ ఇంట్లో కాలు పెట్టిన మొదటి దసరాకు అత్తగారు నేర్పిన తీరు: గుండ్రంగా పసుపు, దాని నడుమ కుంకుమ. అప్పటి నుంచి ఆమె వేలికి ఇంకో తీరు రాదు.

ఆరు సెల్లుల మీద ఆ గుండ్రటి బొట్టే ఉంది. మాసిపోయి, అంచులు రాలిపోయి.

మూడో దాని మీద, ఆరో దాని మీద గుండ్రం లేదు. మూడు వేళ్లతో అడ్డంగా లాగిన మూడు పసుపు గీతలు, నడుమ కుంకుమ చుక్క. రంగు ఇంకా నిండుగా ఉంది.

కళ్యాణి వేలితో ఆ గీతలను తాకింది. ఆ బొట్టు ఆమెకు కొత్తది కాదు. మల్లన్నను కొలిచే తన పుట్టింట్లో నాగలికీ, కొడవలికీ, కుట్టుమిషన్‌కూ, తమ్ముడి మొదటి టెస్టరుకూ అమ్మ పెట్టింది ఆ బొట్టే. బండారి, అంటే మల్లన్న పసుపు, మూడు వేళ్లకు అద్దుకుని ఒక్క లాగుడు. ఎల్లారెడ్డిలో ఈ ఇంట్లో అట్లా ఎవరూ పెట్టరు. శైలేందర్‌కు ఆ సంగతే తెలియదు.

దొంగ ఎవరైనా సెల్లు మార్చి పోతాడు. మార్చిన సెల్లుకు బొట్టు పెట్టడు. బొట్టు లేకపోతే అక్క పోల్చుకుంటుందని తెలిసినవాడు పెడతాడు. పెట్టేటప్పుడు తొందరలో చేతికి ఏది వస్తే అది పెడతాడు.

"ప్రేమ్, ఈ బొట్టు నేను పెట్టలే," అంది.

వాన రేకుల మీద పడుతోంది.

"నువ్వు పెట్టినవ్."

"అక్కా..."

"ఎప్పుడు?"

ప్రేమ్‌కుమార్ సంచి కింద పెట్టాడు. "నువ్వు అమ్మతోని కొమురెల్లి పోయినప్పుడు."

అమ్మ పట్టుబట్టి తీసుకుపోయిన జాతర. రెండు రోజులు మల్లన్న గుట్ట మీద ఉన్నారు. ఈ బ్యాటరీ చల్లగా ఉండాలని కూడా మొక్కుకుంది.

"నా గుడ్లు చచ్చినయ్ రా. పిల్లలు ముక్కులతోని పెంకు పొడిచి పొడిచి చచ్చినయ్. నేను గంపల ఎత్తి పోసిన. అప్పుడు ఫోన్ల ఏమన్నవ్? పాపం అక్కా అన్నవ్ గదరా!"

"గంత అయితదనుకోలే. పాతయి రెండు పెడితే జర తక్కువ నడుస్తది అంతే అనుకున్న. బావనే అన్నడు, కొన్నొద్దులు సర్దు, మళ్ల కొత్తయి తెచ్చి పెడదామని."

"బావ అన్నడా?"

గేటు దగ్గర బైకు ఆగింది. శైలేందర్ తడిసిన కాగితం పొట్లంలో మిర్చి బజ్జీలు పట్టుకుని, "బామ్మర్ది వచ్చిండట! నీ బండి చూసిన..." అంటూ గుమ్మంలోకి వచ్చాడు. తెరిచిన పెట్టె, దాని ముందు నేల మీద భార్య. నవ్వు ముఖం మీద అట్లాగే ఆగిపోయింది. ముందు ప్రేమ్‌కుమార్ వైపు చూశాడు. ఆ చూపు కళ్యాణికి చాలు.

"సెల్లులు ఎవరికిచ్చినవ్?" అంది.

"ఏం సెల్లులు?"

"నీ బామ్మర్ది చెప్పిండు."

శైలేందర్ పొట్లం కిటికీలో పెట్టాడు. తుండుతో తల తుడుచుకున్నాడు. "రెండే గదా కళ్యాణీ. మైసన్న లేడా, నా దోస్తు. బోరు కాడ సోలార్ పెట్టుకున్నడు. పాపం పొలం ఎండుతున్నదంటే..."

"దోస్తు పొలం ఎండొద్దు. నా గుడ్లు చచ్చినా మంచిదే."

"గట్లెందుకంటవ్? నీకు చెప్తే ఒప్పుకోవని..."

"నాకు చెప్పకుంట నా తమ్మునితోని నా పెట్టె విప్పించినవ్. మళ్ల నువ్వే వచ్చి నన్ను చూడలేకపోతున్న అన్నవ్. ఇంట్ల నాకు అన్నం పెట్టమని అడుక్కున్ననా? నా పని నేను చేసుకుంటున్న. గదే కండ్లల్ల పడ్డదా?"

మైసన్న పేరు విన్నప్పుడు తమ్ముడు తలెత్తి బావను చూసిన తీరు ఆమె గమనించింది. అబద్ధంలోనూ అబద్ధం ఉందని అర్థమైంది. అడగబోతుండగా వాకిట్లోంచి పిలుపు.

"కళ్యాణీ! ఉన్నవా బిడ్డా?"

లింగంపేట నాగవ్వ. ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ, పెరట్లో కోళ్లు పెంచుకుంటుంది. మొదటి నుంచీ కళ్యాణి దగ్గరే పిల్లలు కొంటుంది. ఈ వానలో నెత్తిన యూరియా సంచి కప్పుకుని, చంకన గంపతో వచ్చింది.

"రా నాగవ్వా. గీ వానల వచ్చినవేంది?"

"రాక ఏం జేస్త? పేరు పెద్దగైనంక పిల్లలు చిన్నగైనయి నీయి." గంప దించి గుడ్డ తొలగించింది. వేలెడేసి కోడిపిల్లలు, రెక్కలు ముడుచుకుని, బిగుసుకుపోయి ఉన్నాయి. "సగం పోయినయ్. మిగిలినయి తూలుతున్నయ్. మందు పోసినవా లేదా? నీ మీద నమ్మకంతోని తీస్కపోతి."

"ఇవి నా పిల్లలు కావు అవ్వా. రెండు నెలల సంది నువ్వు నా కాడికి రానే లేదు."

"ఈడికి రాలే. నీ కొత్త మిషన్ కాడ కొన్న. సదాశివనగర్‌ల. మా బిడ్డ అత్తగారిల్లు ఆడనే గదా. ఇంత బోర్డు పెట్టినవ్, నీ ఫొటో కొట్టించినవ్, మా మనుమడు చదివిండు, కళ్యాణి నాటుకోళ్లు అని. ఇంకా డప్పు కొట్టి సాటెయ్యాలెనా?"

కళ్యాణి మెల్లగా మగవాళ్లిద్దరి వైపు తిరిగింది. శైలేందర్ తుండును చేతికి చుట్టుకుంటున్నాడు. ప్రేమ్‌కుమార్ కళ్లు నేల మీదే ఉన్నాయి.

"ఆడ ఎవరున్నరు అవ్వా?"

"నీ మరదలు. గంపల ఏసిచ్చింది మాత్రం మీ అమ్మ. పైసలు గూడ ఆమెనే తీసుకుని కొంగున ముడేసుకున్నది. మంచిగ మాట్లాడింది. ఇగ ఎల్లారెడ్డి దాకా తిప్పలెందుకు, ఆడ మిషన్ బంద్ అయితది, ఈడికే రాండ్రి అన్నది." నాగవ్వ అందరి ముఖాలూ చూసి ఆగింది. "ఏంది? నీకు తెల్వదా?"

అప్పుడే కరెంటు పోయింది.

ఎప్పుడూ టక్కున అందుకునే ఇన్వర్టరు అందుకోలేదు. బ్యాటరీ స్విచ్ దించి ఉంది. మిషన్ ఫ్యాను రెక్కలు నెమ్మదిగా తిరిగి, ఆగాయి. ప్రేమ్‌కుమార్ ఒక్క అడుగులో పెట్టె దగ్గరికి ఉరికాడు.

"ముట్టకు!"

వాడి చేయి గాల్లోనే ఆగింది. కళ్యాణి వాణ్ణి తోసుకుని పోయి తనే స్విచ్ ఎత్తింది. ఫ్యాను తిరిగింది. ఫోన్‌లో మూడో అంకె, ఆరో అంకె దిగడం మొదలుపెట్టాయి.

"లైన్ పని నడుస్తున్నది. సాయంత్రం దాకా రాదట," అన్నాడు శైలేందర్. ఎంతో సాయపడుతున్నట్టు.

కళ్యాణి లోపలికి పోయి బొంతలు, వేడినీళ్ల సీసాలు తెచ్చింది. సీసాలు అడుగున పరిచి, బొంత మడిచి, మిషన్ తలుపు తెరిచి గుడ్లు ఒక్కొక్కటే తీసి పేర్చసాగింది.  ఒక గుడ్డును చెవి దగ్గర పెట్టుకుంది. లోపల సన్నగా టిక్కుటిక్కుమంది.

"ఏం జేస్తున్నవ్? పిచ్చిలేసిందా?" అన్నాడు శైలేందర్.

"ఆటో తీస్కరా."

"యాడికి?"

"సదాశివనగర్. నా సెల్లులు మైసన్న కాడ లేవు, ఆడున్నయి. నా పేరున్న మిషన్ ఆడున్నది. నా గుడ్లు ఆడ పెట్టుకుంటే ఎవరు వద్దంటరో చూస్త. నాగవ్వా, నువ్వు గూడ ఎక్కు. బోర్డు చూపెడుదువు."

"పా బిడ్డా," అంది నాగవ్వ సంచి సర్దుకుంటూ. "నా పిల్లల సంగతి గూడ తేలాలె."

ప్రేమ్‌కుమార్ గోడ వైపు తిరిగి జేబులోంచి ఫోన్ తీశాడు. కళ్యాణి చూసింది. చేతిలో గుడ్డును బొంతలో పెట్టి, పైన గుడ్డ కప్పి, లేచి వాడి ముందు చేయి చాచింది.

"ఇటియ్యి. ముందుగాల కబురు పోవద్దు."

వాడు ఇవ్వలేదు. ఆమె లాక్కుంది. అప్పటికే రింగు పోయింది, అవతల ఎత్తారు కూడా. కళ్యాణి మాట్లాడకుండా ఫోన్ చెవికి ఆనించుకుంది.

ఫోన్‌లో మిషన్ల హోరు. ఆ హోరులోంచి, ఎప్పుడూ తనను బంగారు తల్లీ అని పిలిచే అమ్మ గొంతు.

"ఏమాయె కొడుకా? సెట్టింగు తప్పని చెప్పినవా? అది నమ్మిందా?"